దొర రివాల్వరూ, చాచా రివాల్వరూ

మొన్న ఒక పెళ్ళిలో భోజనాలకు ఇంకా పిలుపు రాలేదు. పందిట్లో పడుచువాళ్ళు నలుగురు ఒక రంగుల పత్రిక ముందేసుకుని వాదించుకుంటున్నారు. పత్రికలో ఒక రివాల్వరు బొమ్మ ఉంది. పిడికి ఏనుగు దంతం, గొట్టం మీద బంగారు తీగల పని. "దీని పైసలతోని మిర్యాలగూడల ఇల్లు కట్టొచ్చు. గుండు గుండే గదా, గింత ధర ఎందుకు?" అని ఒకడు. "పనితనం ఉంటది రా. ఊకెనే పెడ్తరా ధర?" అని ఇంకొకడు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు ఆయుధాల కొట్టులో తుపాకులు విప్పి, బిగించి, రిటైరైన మనిషిని నేను. వాళ్ళ పక్క కుర్చీలోనే ఉన్నాను. నన్ను ఒక్కడంటే ఒక్కడు అడగలేదు!

ఆ ఉక్రోషంతోనే ఇది రాస్తున్నాను. అడిగి ఉంటే రెండు మాటల్లో చెప్పి పాయసానికి లేచేవాణ్ణి. అడగలేదు కనుక మొత్తం వినాల్సిందే.

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు. సూర్యాపేటలో బస్సులు ఆగే చోట కుట్టుమిషన్లు, గ్యాసు లైట్లు బాగుచేసుకుని బతికేవాణ్ణి. ఇళ్ళల్లో, దొరల గడీల్లో ఉన్న ఆయుధాలన్నీ సర్కారు కచేరీలో అప్పగించాలని దండోరా వేశారు. లైసెన్సు ఉన్నవాటిని పరీక్ష చేస్తారట. బాగున్నవి తిరిగి ఇస్తారు, పాడైనవి సమ్మెటతో విరగ్గొడతారు. ఆ రోజుల్లో మా జిల్లాలో తుపాకీ చుట్టూ ఎంత ఏడుపు ఉందో నాకు తెలియనిది కాదు. ఆ కథలు చెప్పాల్సినవాళ్ళు చెప్పారు. నాది ఆ తుపాకుల గుట్ట పక్కన కూర్చుని తుప్పు గీకినవాడి కథ.

కచేరీలో తుపాకులు గుట్టపడ్డాయిగానీ వాటిని విప్పి చూసేవాడు లేడు. ఎవరో నా పేరు చెబితే కచేరీకి పిలిపించారు. "తుపాకీ విప్పడం వచ్చా?" అని అడిగారు. "కుట్టుమిషన్ ఇప్పినోనికి తుపాకెంత సార్?" అన్నాను. అప్పటికి నేను తుపాకీని ముట్టుకోనైనా లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో నోటికి అడ్డేముంటుంది! ఆరు నెలలకు టెంపరరీగా పెట్టుకున్నారు, పని చూసి పక్కా చేస్తామన్నారు. మా అమ్మ వాడకట్టంతా తిరిగి చెప్పుకొచ్చింది, కొడుకు సర్కారోడయ్యాడని.

ఆయుధాల కొట్టులో మేం ముగ్గురం. రాతకోతలు చూసే మున్షీగారిది కోదాడ. మాటలో బెజవాడ గాలి తగిలేది. ఏ పని చేయాలన్నా ముందు భయపడి, తర్వాత చేసేవాడు. రెండో మనిషి కాపలా జమేదారు. అరవైకి దగ్గరపడ్డవాడు, మెహందీ పెట్టిన ఎర్ర గడ్డం. నేను ఆయన్ని చాచా అనేవాణ్ణి. ఇంట్లో ఆయనొక్కడే కనుక మధ్యాహ్నం మా అమ్మ పంపే సద్దిలో ఆయనకూ ఒక వాటా ఉండేది.

చాచాకు సొంత రివాల్వరు ఒకటి ఉండేది. ఎప్పుడో మూసీ పొంగినప్పుడు వాడపల్లి దగ్గర తిరగబడ్డ పడవలోంచి ఒక అధికారిని జుట్టుపట్టి ఒడ్డుకు లాగాడట. ఆ అధికారి బదిలీ అయి పోతూ తన రివాల్వరు ఇచ్చి, లైసెన్సు కూడా రాయించి వెళ్ళాడు. కొత్త ఉత్తర్వు ప్రకారం అదీ కొట్టులో అప్పగించాల్సిందే. అంటే చాచా తన రివాల్వరుకు తానే కాపలా కాస్తూ, దాన్ని ముట్టుకోకుండా ఉండాలన్నమాట! రోజూ పొద్దున రాగానే తలుపు దగ్గర నిలబడి, దవాఖానలో చుట్టాన్ని పరామర్శించినట్టు అడిగేవాడు. "ఎట్లున్నది బిడ్డా మావోడు?"

"మంచిగనే ఉన్నడు చాచా. రాత్రి గంజి తాగిండు" అనేవాణ్ణి నేను.

దసరా వెళ్ళిన వారానికి తుంగతుర్తి దిక్కు నుంచి ఒక ముసలి దొర తన రివాల్వరు తెచ్చాడు. అందరూ ఎప్పుడో అప్పగించారు, ఈయన మాత్రం దసరా పూజ అయినాకే తెస్తానని కబురు పెట్టి గడువు అడుక్కున్నాడు. ఆ రివాల్వరు గురించి మేం చిన్నప్పటినుంచి వింటున్నదే. ముప్పై ఏళ్ళ కింద బొంబాయిలో కొన్నాడట. ధర అడిగితే ఒకడు రెండు జతల ఎడ్లనేవాడు, ఇంకొకడు పదెకరాల తరి పొలమనేవాడు. చెప్పేవాణ్ణి బట్టి ఆ పొలం పెరుగుతుండేది.

పెట్టె మూత తీశాడు. నిజం చెప్తున్నాను, నా నోట్లో నీళ్ళూరాయి. ఎర్ర మఖమల్ పరుపు మీద పడుకుని ఉంది. దంతపు పిడి, గొట్టం మీద బంగారు తీగలు, ఆకులు, పిట్టలు. మర తలల మీద కూడా పూలు చెక్కారు! పరుపులో రివాల్వరుకు ఒక గాడి, నూనె సీసాకు ఒక గాడి, పేచ్‌కస్‌కు సన్నటి గాడి చేసి ఉన్నాయి. పేచ్‌కస్ అంటే మరలు తిప్పేదే, మీరు స్క్రూడ్రైవర్ అంటారు. ఆ గాడిలో పేచ్‌కస్ లేదు. చిన్న వెండి కుంకుమ భరిణె ఒకటి ఇరికించి ఉంది. కళ్ళతో చూశాను, బుర్రతో చూడలేదు.

చక్రం పక్కకు తీసి, తూటాలు పెట్టే ఆరు గదులూ వెలుతురుకు పెట్టి చూశాను. అద్దంలా మెరుస్తున్నాయి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టబోయాను.

"ఏయ్ పిలగా, ఖాళీగ కొట్టకు" అన్నాడు దొర. "హారతిచ్చిన ఆయుధం అది. ఉత్తగ చప్పుడు చేస్తె మంచిది గాదు."

"అట్లనే దొరా" అన్నాను. కచేరీ కొలువులో ఉన్నాననే ధైర్యం మోకాళ్ళదాకా వచ్చి ఆగిపోయింది. మరి విప్పి చూద్దామంటే నా దగ్గరున్నది కుట్టుమిషన్లు విప్పే మొద్దు పేచ్‌కస్. ఆ పూల మీద అది పెడితే పూలుండవు. ఇంత అందమైన వస్తువుకు లోపల మాత్రం ఏం రోగముంటుందిలే అనుకున్నాను. రిజిస్టరులో నా మంచి చేతిరాతతో రాశాను: "మొదటి తరగతి. లోపలి భాగాలు నిర్దుష్టం."

తర్వాతి వంతు చాచా రివాల్వరుది. రంగుపోయి తెల్లబడింది, కర్ర పిడికి రాగి తీగ చుట్టి ఉంది. చేతిలోకి తీసుకుని ఆడిస్తే లోపల గలగలమని చప్పుడు. కుట్టుమిషనులో చప్పుడొచ్చిందంటే అరిగిపోయిందని అర్థం. నాకు తెలిసిన శాస్త్రం అంతే. అయినా చేయి ఆడక, మున్షీ వైపు చూశాను.

"చూడవయ్యా, మనవాడని వదిలేశావనుకో, రేపు నీ మీదా నా మీదా అర్జీ పెడతారు" అన్నాడాయన గొంతు తగ్గించి. "ఉద్యోగం పక్కా కావాలా వద్దా?"

నిప్పులాంటి మిస్త్రీ అనిపించుకోవాలన్న యావ ఒకటి నాకు. "పనికిరాదు" అని రాసేశాను. బాగున్నవాటి చీటీకి తెల్లదారం, విరగ్గొట్టేవాటికి ఎర్రదారం. చాచా రివాల్వరుకు ఎర్రదారం కట్టాను.

మరునాడు పొద్దున ఆయన ఆ దారం చూశాడు. అరుస్తాడేమోనని ఎదురుచూశాను. అరిచినా బాగుండేది. గడ్డం నిమురుకుని, "నువ్వు మిస్త్రీవి బిడ్డా. నువ్వు రాస్తె గంతె" అన్నాడు. ఆనాటి నుంచి పరామర్శ మానేశాడు. సద్ది తినేవాడుగానీ మాట్లాడేవాడు కాదు. రాసింది కొట్టేద్దామని రిజిస్టరు తెరిచేవాణ్ణి, పొగరు అడ్డమొచ్చేది.

పరీక్ష మిర్యాలగూడలో పెట్టారు. పై అధికారి అక్కడ క్యాంపు వేశాడు, చుట్టుపక్కల కచేరీల ఆయుధాలన్నీ అక్కడికే తేవాలి. మేం సూర్యాపేట నుంచి లారీలో బయల్దేరి, కోదాడలో ఇంకో రెండు పెట్టెలు ఎక్కించుకున్నాం. కోదాడ రాగానే మున్షీగారికి ప్రాణం లేచొచ్చి అందరికీ చాయ్ తానే ఇప్పించాడు. దొర రివాల్వరు పెట్టెను మాత్రం ఆయన ఒళ్ళోంచి దించలేదు. దుప్పటి చుట్టి పసిపిల్లలా పట్టుకున్నాడు, చాయ్ కూడా ఒంటిచేత్తోనే తాగాడు. ఎర్రదారాలవి గోనెసంచిలో నా కాళ్ళ దగ్గర ఉన్నాయి. దారిపొడుగునా గుంతలే. గుంతొచ్చినప్పుడల్లా సంచిలోంచి గలగల. అది వినగానే చాచా తల అవతలికి తిప్పుకునేవాడు. ఇంత పొడుగు దారి నేను నా బతుకులో ఇంకొకటి ఎరగను.

మిర్యాలగూడ ఊరి బయట ఒక మట్టిదిబ్బ, దాని ముందు వరసగా కుండలు పెట్టారు. ఒక పక్కన కమ్మరి ఇనుప దాగలి దిమ్మ పాతుకుని సమ్మెటతో సిద్ధంగా ఉన్నాడు. అధికారి కొత్తగా వచ్చినవాడు, తెల్లచొక్కా, మడత నలగని మనిషి. దొర రివాల్వరు సంగతి ఆయన చెవిన కూడా పడింది. ముందు అదే తెమ్మన్నాడు. దొర కూడా తన కారులో వచ్చి, తుడవడానికి పట్టుగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. అధికారి రివాల్వరును అటూ ఇటూ తిప్పి, "ఆయుధమంటే ఇలా ఉండాలయ్యా!" అని అందరికీ చూపించాడు. నేను చేసిన పనిలా నాకు ఛాతీ ఉప్పొంగింది.

ఆరు తూటాలు పెట్టాడు. చేయి చాచి, ఒక కన్ను మూసి, ట్రిగ్గర్ లాగాడు. కదల్లేదు. రెండు వేళ్ళతో లాగాడు. ఆయన ముఖం ఎర్రబడిందిగానీ ట్రిగ్గర్ మాత్రం కదల్లేదు. తూటాలు తీసేసి, గొట్టం పైకెత్తి గట్టిగా విదిలించాడు. ట్రిగ్గర్ సందులోంచి ఎర్రటి పొడి జలజలా రాలి, ఆయన తెల్లచొక్కా చేతి మీద పడింది.

"ఏమిటిది? తుప్పా?"

మున్షీ ఆ పొడి మీదకు వంగి వాసన చూశాడు. "కుంకుమండీ" అన్నాడు.

కానిస్టేబుళ్ళలో ఎవడో ఫక్కుమన్నాడు. దొర ముందుకొచ్చాడు. "లచ్చిమి సార్ అది! ముప్పై దసరాలు పూజ జేసిన. పసుపు, కుంకుమ, గంధం, కొబ్బరినీళ్ళు, ఒక్కటి తక్కువ జెయ్యలె. పట్టుగుడ్డతోని తుడిసి పెట్టిన!" పైన తుడిచాడు, నిజమే. లోపలికి పోయింది లోపలే ఉండి, నూనె పీల్చుకుని, ముప్పై ఏళ్ళు గట్టిపడింది.

"మరి ఎన్నడన్నా పేల్చారా?" అన్నాడు అధికారి.

"దేవున్ని పేలుస్తరా సార్?" అన్నాడు దొర, నిజంగానే తెల్లబోయి.

అధికారి రిజిస్టరు తెప్పించి పైకి చదివాడు. "'లోపలి భాగాలు నిర్దుష్టం.' రాసిందెవరు? లోపల చూశావా నువ్వు?"

దొర ట్రిగ్గర్ లాగొద్దన్నాడని చెప్తే సరిపోయేది. అది అబద్ధమూ కాదు. నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడు అవతల కమ్మరి ఎర్రదారాల సంచి నేలమీద కుమ్మరించాడు. గలగల. చూస్తే చాచా రివాల్వరు వాడి చేతిలో ఉంది, దాగలి మీద పెడుతున్నాడు. చాచా ఇటు తిరిగి, దాగలికి వీపు పెట్టి, చెవులు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ఆపుమనుండ్రి సార్! దాన్ని కొట్టొద్దు!" అని అరిచాను.

మున్షీ వెనకనుంచి నా చొక్కా గుంజాడు. "ఊరుకోవయ్యా, ఉద్యోగం ఊడుద్ది."

"ఊడితె ఊడనియ్యి" అని అధికారి వైపు తిరిగాను. "సార్, దొరది నేను ఇప్పి సూడలె. మెరిసింది, మంచిదని రాసిన. జమేదారుది గూడ ఇప్పలె. చప్పుడయింది, పనికిరాదని రాసిన. రెండు తప్పే రాసిన. అది మాత్రం విరగ్గొట్టకుండ్రి."

అధికారి రిజిస్టరు మూశాడు. "అయితే రెండూ ఇక్కడే విప్పు. అందరూ చూస్తుండగా" అన్నాడు.

నా తువ్వాలు నేలమీద పరిచి కూర్చున్నాను. చాచాది ముందు తీశాను. రాగి తీగ విప్పి, పిడికున్న ఒక్క మర తిప్పాను. కర్ర ముక్క ఊడింది, దాని బోలులోంచి ఒక తాయెత్తు నా ఒళ్ళో పడింది. ఇంత చిన్నది, రాగిది. అరిగినది ఏదీ లేదు. చక్రం గట్టిగా ఉంది, గొట్టం సరిగ్గా ఉంది. ఇన్నాళ్ళ చప్పుడంతా ఆ తాయెత్తుదే!

"ఇదేంది చాచా?"

ఆయన సిగ్గుపడ్డాడు. "మా ఇంటామె ఇచ్చింది బిడ్డా, దర్గా కాడికెళ్ళి తెచ్చి. 'మెడల కట్టుకోమంటె మర్సిపోతవు, బందూకైతె మర్వవు గదా, దాన్లనే పెట్టుకో' అన్నది. ఆమె పోయినంక మల్ల తియ్యబుద్ధి గాలె."

"నాకు ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వడగలె గదా."

తాయెత్తు ఆయన చేతిలో పెట్టి, పిడి బిగించి ఇచ్చాను. చాచానే పేల్చమన్నాడు అధికారి. ఆరు తూటాలు, ఆరు మోతలు, మూడు కుండలు పెంకులయ్యాయి. నాలుగో కుండకు తగల్లేదని చాచా గొణుక్కున్నాడుగానీ, ఆ రోజు ఆయన నవ్వు ఎర్రగడ్డంలో పట్టలేదు.

ఇక దొరది. నా పేచ్‌కస్ మొద్దు, ఆ మరల గాట్లు సన్నం. ఒక రాయి తెచ్చుకుని నూరుతూ కూర్చున్నాను. అధికారీ, మిగతావాళ్ళూ చాయ్ తాగారు, నేను నూరుతూనే ఉన్నాను. పూల రెక్క ఒక్కటి చెదరకుండా మర తిరిగినప్పుడు ఊపిరి వదిలాను. పక్కరేకు తీసి, కిరసనాయిలులో ఒక్కొక్క ముక్కా కడిగాను. గిన్నె ఎర్రనీళ్ళయింది. "పారబొయ్యకండి, తెల్లారి బొట్టు పెట్టుకోవచ్చు" అన్నాడు మున్షీ. భయం తీరాక ఆయనకు హాస్యం వచ్చేది.

కుంకుమ వదిలాక కనిపించిన దాన్ని నేను ఈనాటికీ మర్చిపోలేదు. లోపలి ప్రతి ముక్కా అద్దమే! ఎవరూ చూడని చోట, రేకు మూస్తే చీకట్లో ఉండిపోయే చోట, ఎవడో మహానుభావుడు ఎన్ని రోజులు కూర్చుని సానపట్టాడో. వెంట్రుక పట్టని బిగువు. ఆ బిగువు వల్లే చిటికెడు కుంకుమకే పట్టేసింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక పనివాడు ఇంకో పనివాడికి రాసిన ఉత్తరంలా ఉంది, నేనేమో దాన్ని విప్పకుండానే జవాబు రాశాను.

దొర నా భుజం మీంచి వంగి చూశాడు. "ముప్పై ఏండ్ల సంది నా తాననే ఉన్నది. లోపట గిట్లున్నదని నాకెర్కలేదు పిలగా" అన్నాడు నెమ్మదిగా.

బిగించి ఆయన చేతికే ఇచ్చాను. అటూ ఇటూ చూసి, కళ్ళకద్దుకుని, రెండు చేతులా పట్టుకుని పేల్చాడు. ట్రిగ్గర్ వెన్నలా దిగింది. గుండు కుండకు మూరెడు దూరంలో దిబ్బలో దిగింది. డెబ్భై ఏళ్ళ దొర ఎగిరి గంతేసి, "పేలింది! పేలింది రా!" అని నవ్వాడు. నవ్వి నవ్వి, సంతోషం పట్టలేక, చాచా వైపు తిరిగాడు. "జమేదార్, నీది మంచిగున్నదయ్యా. మారుస్తవా? నాది నువ్వు తీస్కో."

"వద్దు దొరా" అన్నాడు చాచా చేతులు జోడించి. "మీది తీస్కుంటె దానికి నేను కాపలుండాలె. నాదైతె నాకే కాపలుంటది."

అందరికంటే గట్టిగా నవ్వింది దొరే. అధికారి కూడా నవ్వాడుగానీ నన్ను వదల్లేదు. రిజిస్టరులో రెండు రాతలూ నా చేత్తోనే కొట్టించి, కింద సంతకం పెట్టించాడు. "ఇంకో ఆరు నెలలు టెంపరరీ. ముందు విప్పు, తర్వాత రాయి" అన్నాడు. ఊడుతుందనుకున్న కొలువు ఎందుకు మిగిల్చాడో అప్పుడు తెలియలేదు. తర్వాత మున్షీ చెప్పాడు. "నిన్ను తీసేస్తే, దొరది మళ్ళీ పట్టేసినప్పుడు విప్పేదెవడన్నాట్ట ఆయన."

కాబట్టి పెళ్ళిపందిరి పడుచువాళ్ళారా, మీ వాదనకు నా జవాబు ఇది. ఖరీదైన రివాల్వరు ఆ ధర చేస్తుంది. బంగారు పిట్టలకు కాదు, రేకు కింద సానకు. ఆ రేకు విప్పించి శుభ్రం చేయించుకునే ఓపిక మీకు లేదా, అయితే చాచాది లాంటిది కొనుక్కోండి. ఏదీ కొనకపోతే ఇంకా మంచిది, ఆ డబ్బుతో మిర్యాలగూడలో ఇల్లే కట్టుకోండి.

సూర్యాపేట చేరిన మరునాడు పొద్దునే చాచా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. లైసెన్సు కాగితం వచ్చేదాకా రివాల్వరు ఇంకా కొట్టులోనే ఉండాలి. ఆయన చేతిలో తాయెత్తు ఉంది.

"బిడ్డా, దీన్ని మల్ల దాన్లనే పెట్టు. నిన్న దారి పొడుగున చప్పుడు లేదు. నాది గాదేమో అనిపిచ్చింది."

పిడి విప్పి, తాయెత్తు పెట్టి, బిగించాను. చెవి దగ్గర ఆడించి చూపించాను. గలగల. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఎర్రదారం తెంపి, తెల్లదారంతో కొత్త చీటీ కట్టి, దాని మీద రాశాను. చాచాకు తెలుగు చదవడం రాదు. మున్షీ కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివాడు: "విప్పి చూడబడినది. కదిపితే చప్పుడు వస్తుంది. మంచిదే."

"సర్కారు చీటీల మీద గిట్ల గూడ రాస్తరా?" అన్నాడు చాచా.

"రాయరు" అన్నాడు మున్షీ భయంగా.

చాచా నా నెత్తి మీద ఒక్కటి మొట్టాడు. "నువ్వు మిస్త్రీవి బిడ్డా" అన్నాడు నవ్వుతూ. "నువ్వు రాస్తె గంతె."